దుప్పిలో తప్పిపోయిన బ్లేడు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే, చివర నిలబడ్డవాటికి మొదటివి కనబడవు. ఆ వరసలో అన్నిటికంటే ముందు ఛాతీ విరుచుకుని నిలబడేది మాత్రం ఒక కత్తి కొనడం. ఆ ఒక్క కొనుగోలు పుణ్యమా అని ఒక నిండు దుప్పి మాంసం తినడానికీ పారెయ్యడానికీ కాకుండా మధ్యలో నిలిచిపోయింది. ఒక పెద్దమనిషి వేటకే స్వస్తి చెప్పబోయాడు. ఆస్ట్రేలియా కూడా దాటాక వచ్చే ఈ డునెడిన్ ఊళ్లో మా తెలుగు క్రైస్తవుల ఆదివారం విందు గల్లంతు కాబోయింది. ఇదంతా పగలంతా కత్తుల మధ్యే బతికే మనిషి చేసిన ఘనకార్యం కనుక, మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

నేను ఇక్కడి ఆసుపత్రిలో థియేటర్ నర్సుని. ఈ మాట చెప్పినప్పుడు తెనాలిలో మా మేనత్త, "టిక్కెట్లు చింపడానికి అంత దూరం వెళ్లాలటే సరోజా?" అని జాలిపడింది. ఆపరేషన్ థియేటర్ అత్తయ్యా అన్నాను. డాక్టర్ చెయ్యి చాపగానే ఆ చేతిలో పడాల్సిన పరికరం పెట్టడం నా పని. కత్తి, కత్తెర, పట్టుకారు, ఏదైనా సరే. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తే మనిషికి ఒక జబ్బు వస్తుంది. కొయ్యకపోయినా, కొయ్యడం తనకి వచ్చనిపిస్తుంది. రోజూ పెళ్లిళ్లలో వాయించే సన్నాయివాడు తనకి బోలెడు పెళ్లిళ్లయ్యాయి అనుకోవడం లాంటిది.

మా పక్కింట్లో మర్రే ఉంటాడు. బడిలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఒంటరి మనిషి. మొదట్లో నేను అంకుల్ అని పిలిస్తే, "మా అన్న పిల్లలు కూడా నన్నలా పిలవరు" అని తెగ ఇబ్బంది పడ్డాడు. అప్పట్నుంచి పేరు పెట్టే పిలుస్తున్నాను గానీ, మనసులో ఇప్పటికీ అంకులే.

ఒక శనివారం కంచె దగ్గర నిలబడి మాట్లాడుతున్నప్పుడు, ఈ ఏడు వేటకి వెళ్లలేదా అని అడిగాను. మన దేశంలో జింక జోలికి వెళ్తే జైలు. ఇక్కడ ఆ జాతిని ఎవరో ఎప్పుడో బయటి నుంచి తెచ్చి వదిలారట. అవి పెరిగి పెరిగి అడవిని మేసేస్తున్నాయని, వేటాడి తినమంటారు. మర్రే కుర్రతనం నుంచీ వేటగాడే.

"తుపాకీ పేల్చడానికి ఒక్క వేలు చాలు సరోజా. ఆ తరవాత కొయ్యడానికే పది వేళ్లూ కావాలి" అని చేతులు చూపించాడు. కీళ్లవాతంతో వేళ్ల కణుపులు అల్లంకొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. "కొట్టిన జంతువుని కొండ మీద వదిలేసి రాలేను. అందుకే వెళ్లడం మానేశాను."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆలోచించే లోపల నాకే నోరు జారింది.

"కోత నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా? ఎప్పుడైనా చేశావా?"

"థియేటర్లో రోజూ చూస్తున్నదేగా."

మర్రే కాసేపు నా మొహంలోకి చూశాడు. భూగోళం మేష్టారు కనుక, నా అజ్ఞానం ఏ అక్షాంశం దాకా విస్తరించిందో కొలుస్తున్నాడనుకుంటా. "సరే. కత్తి నువ్వే ఎంచుకో. పట్టుకునేవాళ్ల చేతికి నచ్చాలి. నాది మా అమ్మాయికిచ్చాను. ఇప్పుడు కత్తీ అమ్మాయీ ఇద్దరూ ఆస్ట్రేలియాలో ఉన్నారు" అన్నాడు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు కత్తి లేదు, దుప్పి లేదు, కూర పేరు మాత్రం ఆ సాయంత్రానికే తయారైంది. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో వంటల పెత్తనమంతా ఎస్తేరు ఆంటీది. ఆవిడకి ఫోన్ చేసి, వేట అయిన మర్నాటి ఆదివారం విందుకి దుప్పి మాంసం పులుసు నాదేనని మాటిచ్చేశాను.

"దుప్పా? మా నాన్న చిన్నప్పుడు తిన్నాడని చెప్పేవాడమ్మా. అయితే ఆ వారం చికెన్ చెప్పనులే" అంది ఆంటీ. సంతోషం పట్టలేక, ఆవిడ ఆ వార్త ఆక్లాండ్‌లో ఉన్న తన చెల్లెలి దాకా చేరవేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

వేట సామాన్ల షాపుకి నేనూ మా ఆయన జయరాజూ వెళ్లాం. ఆయన వృద్ధాశ్రమంలో వంటవాడు. రోజూ నిజంగా మాంసం కోసేది ఆయనే. ఆ సంగతి ఆ పూట నాకు గుర్తు రాలేదు.

అద్దాల బల్ల కింద కత్తులు పెళ్లికూతురి నగల్లా మెరుస్తున్నాయి. మడతపెట్టేవి, జానెడు పొడవున్నవి, వీపు మీద రంపం పళ్లున్నవి, పొట్ట చీల్చడానికి కొక్కెం ఉన్నవి. బల్ల వెనకున్న అమ్మాయి ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి చూపించింది.

"మొదటిసారైతే ఇది తీసుకోండి" అని నారింజ రంగు పిడి ఉన్న కత్తి ఒకటి ముందుపెట్టింది. అరచెయ్యంత అలుగు, మందపాటి వీపు, మడతా గిడతా లేదు. చూడ్డానికి బొత్తిగా పస లేదు. "పిడి రంగు అలా ఎందుకంటే, గడ్డిలో పడినా కనబడుతుంది."

"ఇదే బాగుంది సరోజా. మా అమ్మ బాపట్లలో చేపలు కోసే కత్తిలా ఉంది" అన్నాడు జయరాజు.

అక్కడే చెడింది. నేను ఇంత చదువు చదివి, సముద్రాలు దాటి వచ్చి, మా అత్తగారి చేపల కత్తి పట్టుకుని కొండెక్కాలా? అప్పుడే నా కళ్లు పక్కనున్న పెట్టె మీద పడ్డాయి. సన్నటి పిడి, దాని కొసకి తగిలించే సన్నటి బ్లేడు. మొద్దుబారితే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. విడి బ్లేడ్ల పొట్లం కూడా అందులోనే ఉంది. నాకు పుట్టింటి మనిషి కనబడ్డట్టయింది. మా థియేటర్లో వాడేదానికి అచ్చు కవల.

"అది చాలా పదునండీ. చర్మం తియ్యడానికి దాన్ని మించింది లేదు. కానీ కీళ్ల దగ్గర మెలిపెట్టకూడదు" అంది ఆ అమ్మాయి.

"ఈ బ్లేడ్ల గురించి నాకు చెప్పక్కర్లేదమ్మా. నేను థియేటర్ నర్సుని" అన్నాను.

కాకి పిల్ల కాకికి ముద్దు, నర్సు బ్లేడు నర్సుకి ముద్దు. జయరాజు ఇంకోసారి నారింజ పిడి వైపు చూసి, పెళ్లయిన మగవాడికి ఉండాల్సిన వివేకంతో ఊరుకున్నాడు.

డునెడిన్ వెనక కొండల్లో మర్రే స్నేహితుడి గొర్రెల పొలం ఉంది. దాని పైవాలులో మోకాలెత్తు గడ్డి, ఆ పైన పొదలు, మంచు వాసనేసే గాలి. తెల్లవారుతుండగా ఎక్కడం మొదలుపెట్టి, పొద్దు బాగా వచ్చేసరికి ఒక బండ వెనక బోర్లా పడుకున్నాం. ఆడదుప్పి ఒకటి పొదల్లోంచి తీరిగ్గా బయటికొచ్చింది. మన దుప్పికి దూరపు చుట్టం, ఆవు పెయ్యంత ఉంది. మర్రే చాలాసేపు ఊపిరి బిగబట్టాడు. ఒక్కటే చప్పుడు. దుప్పి నిలబడ్డచోటే కూలిపోయింది.

దగ్గరికి వెళ్లాక మర్రే టోపీ తీసి ఊరికే నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. దాని కంటిలో ఆకాశం ఇంకా కనబడుతోంది. థియేటర్లో మా ముందు పడుకునేవాళ్లని లేపి ఇంటికి పంపడానికే కోస్తాం. ఇది లేవదు. నేను చేతనైనంత చిన్న ప్రార్థన ఒకటి చేసుకున్నాను. దీన్ని పాడుచెయ్యకుండా చూడు ప్రభువా, అన్నాను. కత్తి గురించి కూడా ఒక మాట అడిగి ఉండాల్సింది.

మొదట్లో అంతా నా మొహం వెలిగిపోయేలా జరిగింది. మర్రే చెబుతుంటే, లోపల మేత ఉండే సంచీకి గాటు పడకుండా రెండు వేళ్లు అడ్డుపెట్టి పొట్ట తెరిచాను. పేగులూ గీగులూ చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. చర్మమైతే తడి చీర ఒలిచినట్టు వచ్చేసింది.

"నీ చేతిలో పని ఉంది" అన్నాడు మర్రే.

"కత్తిలో ఉంది" అన్నాను వినయంగా. వినయం నటిస్తూ అన్న ఆ మాట అచ్చంగా నిజమని తరవాత తెలిసింది.

ఇక తొడ విడదియ్యాలి. మర్రే చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఆ కాలుని ముంజేతుల మధ్య బిగించి పట్టుకున్నాడు. నేను తుంటి కీలు దాకా కోసుకుంటూ వెళ్లాను. అక్కడ తాడులాంటి నరం ఒకటి అడ్డం పడింది. బ్లేడుని లోపలికి దూర్చి, తాళంచెవి తిప్పినట్టు, కొంచెం, చాలా కొంచెం, తిప్పాను.

టిక్కుమంది.

చెయ్యి బయటికి తీస్తే పిడికి సగం బ్లేడే ఉంది.

మిగతా సగం ఎక్కడ? కీలులో చూశాను. లేదు. కండలో వేలు పెట్టి వెతికాను. లేదు. గడ్డిలో మోకాళ్ల మీద పాకాను. చలిగాలిలో నాకు చెమటలు పట్టాయి. మీరు ఏ ఆసుపత్రిలోనైనా థియేటర్ నర్సుని నిద్రలో లేపి, నీకొచ్చే పీడకల ఏమిటని అడగండి. లోపల ఏదో ఉండిపోయింది అంటుంది.

"గడ్డిలోకి ఎగిరిపోయి ఉంటుంది" అన్నాడు మర్రే.

"ఉంటుంది అంటే కుదరదు. ఉందా లేదా తేలాలి."

"సరోజా, ఇది ఆపరేషన్ కాదు."

"ఇది రేపు పిల్లలు తినే కూర" అన్నాను.

కొత్త బ్లేడు తగిలించి, ఈసారి దేన్నీ తిప్పకుండా, బతిమాలుకుంటున్నట్టు కోసుకుంటూ మిగతాదంతా పూర్తిచేశాను. మాంసం సంచుల్లో నింపుకుని కొండ దిగాం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాడు నయం. నేను పట్టిన దుప్పికి నాలుగు కాళ్లూ ఉన్నాయి గానీ, ఏ కాలుని నమ్మాలో తెలియదు. మాంసమంతా ఆ సంచుల్లో కలగలిసిపోయింది.

ఇంటికొచ్చి, నాకు తోచిన మొదటి తెలివైన పని చేశాను. పశువుల డాక్టర్ క్లినిక్కి ఫోన్ చేశాను.

"ఒక ఎక్స్‌రే తియ్యాలండీ."

"తప్పకుండా. ఏ జంతువు?"

"దుప్పి."

"ఎలా ఉంది ఇప్పుడు? తింటోందా?"

"లేదండీ. చనిపోయింది."

"అయ్యో. చాలా బాధగా ఉంది. ఎప్పుడు పోయింది?"

"పొద్దున్నే."

"తనకి పేరేమైనా ఉందా?"

పక్కనున్న జయరాజు, "పులుసు అని చెప్పు" అని గొణిగాడు. సంగతంతా వివరించాక ఆవిడ గొంతు మారింది. కూరకి ఎక్స్‌రే తియ్యడం తమ క్లినిక్‌లో లేదని మర్యాదగా చెప్పి పెట్టేసింది.

మర్రే మా వంటగది బల్ల దగ్గర కూర్చుని మాంసం వైపు చూస్తున్నాడు. "పారెయ్యాల్సి వస్తే పారేద్దాం" అన్నాడు చివరికి. "తప్పు నీది కాదు. కొయ్యలేనివాడు కొట్టకూడదు. నేను వేరేవాళ్ల చేతులు అరువు తెచ్చుకుని వెళ్లాను. తుపాకీ అమ్మేస్తాను."

ఆయనకి ఒక వేట ఇద్దామని వెళ్లి, ఉన్న వేట కాస్తా లాక్కున్నాను. నా పొగరుకి మూల్యం చెల్లిస్తున్నది ఒక ముసలాయనా, ఒక మూగజీవీ.

జయరాజు అప్పటిదాకా ఒక్క మాటైనా ఎత్తిపొడవలేదు. లేచి తన కత్తికి సాన పెట్టాడు. "పారెయ్యడం ఎందుకు? అంతా పల్చగా కోసేద్దాం. తమలపాకంత పల్చగా. అందులో ఇనుం ముక్క ఉంటే దాక్కోడానికి చోటుండదు" అన్నాడు.

అలా మొదలైంది. జయరాజు కోసేవాడు. నేను ఒక్కో ముక్కనీ వేళ్లతో తడిమి మర్రేకిచ్చేదాన్ని. ఆయన దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, గిన్నెలో వేసేవాడు. వేళ్లు ముడుచుకోకపోయినా అరచేతులు బాగానే పనిచేస్తాయి కదా. కాసేపటికి ఆయనలో ఏదో సడలింది. వాళ్ల నాన్నతో మొదటిసారి కొండెక్కినప్పుడు తను చేసిన మొదటి కోత గురించి చెప్పాడు. లోపలి సంచీ చీల్చి, ఇద్దరూ ఏటిలో స్నానం చేసేదాకా ఒకరి పక్కన ఒకరు నడవలేకపోయారట.

"మీ నాన్నగారు తిట్టలేదా?" అని అడిగాను.

"లేదు. ఏటిదాకా నాకు గాలి వచ్చే వైపే నడిచాడు. ఆ కంపంతా నామీదికే" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులో నాకు కాస్త ఊపిరాడింది. ఒక జంతువు మాంసాన్ని ఇంత జాగ్రత్తగా, ముక్క ముక్కా వెలుతురులో పట్టుకుని చూసినవాళ్లు ఎవరుంటారు? అది పోయినందుకు మేం చేయగలిగిన మర్యాద అదేనేమో అనిపించింది.

పొద్దు వాలేసరికి గిన్నెలన్నీ నిండాయి. బ్లేడు దొరకలేదు.

"అయితే ఇందులో లేనట్టే" అన్నాడు జయరాజు.

"లేనట్టే అంటే చాలదు. రేపు వడ్డించడానికి వీల్లేదు. ఫ్రిజ్‌లో పెట్టండి" అన్నాను. ఎస్తేరు ఆంటీకి ఫోన్ చేసి నిజం చెప్పాను.

"అంత చిన్న ముక్కకి ఇంత మాంసం ఆపేస్తావా సరోజా?"

"ఆ చిన్న ముక్క మీ గొంతులో దిగితే, ఆంటీ, మళ్లీ నేనే పరికరాలు అందించాలి."

"సరేలే. కోడినే కోయిద్దాం" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో అందరం బల్లల దగ్గర కూర్చున్నాం. ఆంటీ కాగితం పళ్లేలు ఒప్పుకోదు. గుంటూరు నుంచి మోసుకొచ్చిన స్టీలు పళ్లేలే పెట్టింది. మాతోపాటు మర్రే కూడా వచ్చాడు. ఆయనకున్న ఒకే ఒక్క వెచ్చటి చొక్కా, గళ్ల ఉన్ని చొక్కా, వేటకి తొడుక్కున్నదే తొడుక్కొచ్చాడు. దాన్ని చలికాలం వెళ్లాకే ఉతుకుతాడట. ఆయన్ని చూసి అందరూ దుప్పి గురించే అడిగారు. నేను పళ్లెంలోకి తలవంచుకున్నాను.

పాస్టరు గారు భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన దేశాలన్నీ చుట్టొచ్చి గానీ అన్నం మీదికి రాదు. అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరుచుకుని ఉన్న పాపాత్మురాలిని నేనొక్కదాన్నే. ఎదురుగా మర్రే, ప్రార్థనలో చేతులు బోసిగా ఉంటే బాగుండదనుకున్నాడో ఏమో, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతుల్ని మెల్లగా కిందికి దించుకుంటున్నాడు.

"తప్పిపోయినవాటిని వెతికి మా మధ్యకి చేర్చుము తండ్రీ" అంటున్నారు పాస్టరు గారు.

టింగ్ మని స్టీలు పళ్లెం మోగింది.

మర్రే పళ్లెంలో సగం బ్లేడు తళతళ మెరుస్తోంది.

"ఆమెన్" అని గట్టిగా అరిచేశాను. ప్రార్థన ఇంకా ఆఫ్రికాలోనే ఉంది. అందరూ కళ్లు తెరిచారు. నేను బల్ల మీదుగా వంగి, ఆ ముక్కని గుడ్డలో చుట్టి, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో విషయం చెప్పాను. ఆ పొద్దు కొండ మీద తొడని బిగించి పట్టుకున్నప్పుడు అది ఎగిరి మర్రే చొక్కా మడతలో దూరింది. మేం మాంసమంతా తమలపాకుల్లా కోసి వెతుకుతున్నంతసేపూ, అది మా బల్ల దగ్గరే వెచ్చగా కూర్చుని మా కబుర్లు వింది.

మర్రే తన చొక్కా చెయ్యి వైపు చూసుకుంటూ, "నిన్న ఉతుక్కుందామనే అనుకున్నాను" అన్నాడు. తరవాత పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నవ్వులు తగ్గాక చూస్తే పక్కన జయరాజు లేడు. కాసేపటికి రెండు చేతులతో పెద్ద గిన్నె మోసుకుంటూ తలుపులోంచి వచ్చాడు. హాలంతా మిరియాల పులుసు వాసన.

"ఇదేంటి? వద్దన్నానుగా" అన్నాను.

"వడ్డించొద్దన్నావు. వండొద్దనలేదు. కారులో పెట్టుకొచ్చాను" అన్నాడు.

ఎస్తేరు ఆంటీ గిన్నెలోకి తొంగిచూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంది. "మా నాన్న అబద్ధం చెప్పలేదమ్మా" అంది. ఆ పూట చికెన్ అంతా అలాగే మిగిలిపోయింది. మర్రే మూడోసారి వడ్డించుకుంటూ, వచ్చే శరత్కాలంలో మగదుప్పి కోసం ఇంకా పైకి ఎక్కాలని ఆంటీతో చెబుతున్నాడు. తుపాకీ అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడే షాపుకి వెళ్లి ఆ నారింజ పిడి కత్తి కొనుక్కొచ్చాను. జయరాజు దాన్ని చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం కంటే పెద్ద తిట్టు మా ఇంట్లో లేదు.

కనుక ఇది చదువుతున్న మీ అందరి ఎదుట, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కొండ మీద ఆపరేషన్ బ్లేడు పట్టను. పట్టినా తిప్పను. తిప్పినా విరగ్గొట్టను. ఖర్మకాలి విరిగితే మాత్రం, ముందు పక్కవాడి చొక్కా విప్పించి దులుపుతాను. ఆ తరవాతే దుప్పిని అనుమానిస్తాను.